రెండు టర్ములు

ఫారంలో ఒక ప్రశ్న:
బడిలో నేర్పినంత క్రమంగా, బడిలో నేర్పినంత బాగా
ఎలా నేర్పుతారో వివరించండి.
కింద అరపేజీ ఖాళీ గీతలు.
పదిహేనేళ్లకే బడి మానేసి
చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టినదాన్ని,
పెన్ను పట్టుకుని రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను.

చివరికి రాశాను:
లెక్కలు, ఉదయం తొమ్మిది నుంచి.
చదవడం, రోజూ.
ప్రకృతి పరిశీలన, రివర్టన్ తీరం, వారానికి రెండుసార్లు.

రాయనిది ఇది:
వాడు మళ్లీ కూనిరాగం తీయాలి.
పళ్లు తోముకుంటూ తీసేవాడు,
బూట్ల లేసులతో కుస్తీ పడుతూ తీసేవాడు.
పోయిన చలికాలం ఎప్పుడో ఆగిపోయింది.
ఫ్రిజ్ ఆగితేనే కదా
అంతసేపూ అది మోగుతోందని తెలిసేది,
నాకూ అలాగే, ఆలస్యంగా తెలిసింది.

ఇనిస్‌కి ఎనిమిదేళ్లు.
క్లాసులో వరసగా లేచి తలా ఒక వాక్యం చదవాలి.
తన ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి
తన వంతుకొచ్చే వాక్యాన్ని
ముందే కంఠతా పట్టేవాడట.
ఒకరోజు ముందు కూర్చున్న పిల్ల
బాత్రూంకి వెళ్లింది.
లెక్క తప్పింది.
నవ్వారు.
అంతే, ఇంకేం జరగలేదు, అంది టీచర్ తలీటా.
చెడ్డ మనిషి కాదు,
నా చేతి మీద చెయ్యి వేసే చెప్పింది.
ఇరవై తొమ్మిది మంది పిల్లలు, ఆమెకున్నవీ రెండు చేతులే.

"ఎన్నాళ్లు?" అన్నాడు డూగల్,
రోజంతా గొర్రెల ఉన్ని కత్తిరించి వచ్చి
నడుం పట్టుకుని వంటింటి నేల మీద వెల్లకిలా పడుకుని.
"రెండు టర్ములు."
అప్పు తీసుకునేవాళ్లు చెప్పే గడువులా
నా చెవులకే వినిపించింది.

మొదటి వారం
నేను బడిని మించిన బడినయ్యాను.
గోడ మీద టైంటేబులు, నాలుగు రంగుల్లో.
మంగళవారం, ఏడో ఎక్కం, ఏడు ఎనిమిదుల దగ్గర
నా గొంతు లేచింది.
వాడు ఏడవలేదు.
కిటికీ వైపు ఒక చూపు చూశాడు,
క్లాసులో చూసే చూపట అది, తలీటా చెప్పింది.
పారిపోయి రావడానికి వాడికి మిగిలింది ఈ బల్ల ఒక్కటే.
టైంటేబులు ఆ రాత్రే పీకేశాను.
గోడకి బ్లూటాక్ మరకలు నాలుగు, అలాగే ఉన్నాయి.

పదిన్నరకి
కొండ కింద బడి మైదానం నుంచి అరుపులొస్తాయి.
ఎవరి గొంతో తెలియదు, అన్నీ ఒకటే గోల.
దక్షిణపు గాలి ఉన్నరోజు
మంచు వాసనతో కలిసి మరీ దగ్గరగా.
వాడు కొరికిన యాపిల్ పట్టుకుని
కంచె దాకా వెళ్లి నిలబడతాడు.
నేను సింకు దగ్గర,
కడిగిన కప్పునే కడుగుతూ.
కాపాడుతున్నానా, దాచేస్తున్నానా?
పదిహేనేళ్లప్పుడు విప్పి పారేశాననుకున్న నా భయాన్నే
చేతులు కత్తిరించి, వాడి కొలతకి కుట్టి
తొడిగానేమో.
డూగల్‌ని అడగను.
సరేనంటే భయం, కాదంటే ఇంకా భయం.

నిన్న ఫ్రిజ్ తలుపు మీది ఆటుపోట్ల పట్టిక ముందు
ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు.
వేలు ఒక్కో గడి మీదుగా జరుగుతోంది,
పెదాలు కదులుతున్నాయి.
"బుధవారం. ఆటు. రెండూ నలభై ఏడు."
నిజానికి అది గురువారం గడి.
నాలుక చివరిదాకా వచ్చిన మాటని
పళ్లతో పట్టుకున్నాను.
ఒకరోజు ముందే వెళ్లాం, బకెట్‌తో, గుల్లల కోసం.
నీళ్లు ఇంకా కాస్త ఎక్కువే.
మోకాళ్లదాకా తడిసి వాడే అన్నాడు,
"గడి తప్పు చదివాను కదా."
మామూలుగా అన్నాడు. ఆకలేస్తోంది అన్నట్టు.

కూనిరాగం? లేదు. చెవులు రిక్కించే ఉంచాను.

తిరిగొస్తుంటే, ఏ సంబంధమూ లేకుండా,
"నా కుర్చీలో ఇప్పుడెవరు కూర్చుంటున్నారు?"
తెలియదన్నాను.
"టీచర్‌ని అడగనా?"
"వద్దు."
బకెట్ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.
గేటు దగ్గర, గొళ్లెం తీస్తూ,
నా వైపు చూడకుండా,
"అడుగు" అన్నాడు.